చంద్రుడి బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లు?

"పున్నమి నాడు ఫోన్‌తో తీస్తే చంద్రుడు తెల్లచుక్కలా పడతాడు. పెద్ద లెన్స్ ఉన్నవాళ్లకి మచ్చలతో సహా ఎలా వస్తాడండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఫోకల్ లెంగ్త్ బోధపడటానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

చిన్నప్పుడు భూతద్దంతో ఎండలో కాగితం కాల్చే ఉంటారు. అద్దాన్ని పైకీ కిందికీ జరుపుతుంటే ఒకచోట వెలుగంతా చిన్న చుక్కవుతుంది. కాగితం గోధుమరంగుకు తిరిగి సన్నగా పొగ లేస్తుంది. ఆ చుక్క అచ్చంగా సూర్యుడి బొమ్మే. అప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య ఉన్న దూరమే ఫోకల్ లెంగ్త్. బడిలో దీనికి నాభ్యంతరం అని పేరుపెట్టి సూత్రం బట్టీ పట్టిస్తారు. పిల్లల్ని ఒక్కసారి ఎండలోకి తీసుకెళ్లి స్కేలుతో కొలిపిస్తే జన్మలో మరిచిపోరు.

మరి చంద్రుడి బొమ్మ ఎంత ఉంటుంది? చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, సగటు దూరం 3,84,400. అంటే తన వ్యాసానికి దాదాపు 110 రెట్ల దూరంలో ఉన్నాడు. లెన్స్ వెనకా ఇదే నిష్పత్తి నిలుస్తుంది, కాబట్టి ఏ లెన్స్‌లోనైనా చంద్రుడి బొమ్మ ఫోకల్ లెంగ్త్‌లో 110వ వంతే. సూర్యుడికి ఈ లెక్క 108 దగ్గర పడుతుంది. జపమాలలో 108 పూసలు అందుకేనని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. కానీ కక్ష్యలు గుండ్రంగా లేవు. చంద్రుడు దగ్గరికొచ్చినప్పుడు ఈ అంకె 103కి దిగుతుంది, దూరం జరిగినప్పుడు 117కి ఎక్కుతుంది.

ఇక 50 ఎంఎం లెన్స్, అంటే ఫోకల్ లెంగ్త్ 50 మిల్లీమీటర్లున్నది పెట్టండి: బొమ్మ 0.45 మిల్లీమీటర్లు. బొమ్మ పడే పలక సెన్సర్; పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కనుక అడ్డంగా 80 మంది చంద్రులు పడతారు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అంటే చంద్రుడికి దక్కేది 75 పిక్సెళ్లు. 400 ఎంఎంతో 600 పిక్సెళ్లు దక్కుతాయి, మచ్చలు విడివిడిగా తేలతాయి. చిన్న సెన్సర్ కెమెరాకి మార్చినా లెన్స్ వేసే బొమ్మ మారదు, చుట్టూ ఆకాశం తెగిపోతుంది, అంతే. ఫోన్ వివరాల్లో కనిపించే 26 ఎంఎం అసలు కొలత కాదు, ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చి చెప్పే లెక్క. నిజంగా లోపల ఉండేది ఆరేడు మిల్లీమీటర్లే. అందులో చంద్రుడు తలవెంట్రుక మందమంత!

లెన్స్ మారిస్తే చెట్టూ చంద్రుడూ కలిసే పెరుగుతాయి. చెట్టుతో పోలిస్తే చంద్రుడు ఎంత కనిపించాలన్నది మనం నిలబడే చోటును బట్టి ఉంటుంది. ఇక్కడా పనికొచ్చేది 110 లెక్కే. గుడి మీద మీటరున్నర కలశం చంద్రుడంత కనిపించాలంటే 165 మీటర్లు వెనక్కి వెళ్లాలి. తాటితల మూడు మీటర్లుంటే 330 మీటర్లు.

పోయిన కార్తీక పున్నమికి మా ఊరి తాటిచెట్టు మొదట్నుంచి కాలువ గట్టు మీద అంగకి ముప్పావు మీటరు చొప్పున 440 అంగలు లెక్కపెట్టుకుంటూ పడమరకి నడిచాను. పొద్దుగూకాక చంద్రుడు పొలాల మీదుగా లేచి, మెల్లగా తాటితల వెనక్కి చేరాడు. 400 ఎంఎంలో మట్టల కొసలు సరిగ్గా చంద్రుడి అంచుదాకా వచ్చి ఆగాయి.