నొప్పి లేదుగా, అదే పోతుందిలే!

నేను రేడియాలజిస్టుని, మా పేషెంట్ల మాటల్లో స్కానింగ్ డాక్టరమ్మని. మామోగ్రామ్‌లు (రొమ్ముకు తీసే ఎక్స్‌రేలు), రొమ్ము స్కాన్లు చూడటం, గడ్డలోంచి ముక్క తీయడం నా రోజువారీ పని. రొమ్ములో నొప్పి అంటూ వారం రోజులు నిద్ర మానేసి, నెట్‌లో దొరికిందల్లా చదివేసి, మొహం పీక్కుపోయి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లలో ఎక్కువమందికి స్కాన్‌లో ఏమీ ఉండదు. "చిన్న గడ్డేనమ్మా, బాధేం లేదు, మా కోడలు ఊరుకోక తీసుకొచ్చింది" అంటూ వచ్చే పెద్దావిడను ఎప్పటి నుంచి ఉందమ్మా అని అడిగితే "పోయిన సంక్రాంతికి చూశా" అంటుంది. నాకు టెన్షన్ ఈవిడతోనే.

అపోహ: క్యాన్సరైతే నొప్పి పుట్టి తీరుతుంది.

మొదట్లో చాలామందికి పుట్టదు. అసలు చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే మనకు నొప్పి వస్తేనే రోగం, లేకపోతే పనిలో పడిపోవడం అలవాటు. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం హార్మోన్ల వల్ల, అది క్యాన్సర్ కాదు. నెలసరితో సంబంధం లేకుండా ఒకే చోట నొప్పి అలాగే ఉండిపోతే మాత్రం ఒకసారి చూపించుకోండి.

అపోహ: గడ్డ తగిలిందంటే క్యాన్సరే.

కాదు, ఎక్కువ గడ్డలు మామూలువే. ఇరవైల్లో ఉన్న అమ్మాయిలకు వేలి కింద గోలీలా జారిపోయే ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డ వస్తుంది, నలభైలకు వచ్చేసరికి నీటి బుడగలు ఎక్కువ. క్యాన్సర్ గడ్డ సాధారణంగా గట్టిగా, అంచులు తెలియకుండా, కదిపినా పెద్దగా కదలకుండా ఉంటుంది. అలాగని ఇంట్లో తడిమి చూసి "మెత్తగానే ఉందిలే" అని తేల్చేయకండి, ఇన్నేళ్ల తర్వాత కూడా చేత్తో తడిమి ఖాయంగా చెప్పడం నావల్ల కాదు.

అపోహ: గడ్డ లేదు కాబట్టి భయం లేదు.

అద్దం ముందు నిలబడి చేతులు పైకెత్తండి. చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు సొట్ట పడుతోందా? బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా, మందంగా అయిందా? చనుమొన కొందరికి మొదటి నుంచీ లోపలికే ఉంటుంది, దానికి కంగారు లేదు, ఇన్నాళ్లూ బయటికి ఉన్నది కొత్తగా లోపలికి పోతేనే ఆలోచించాలి. పిండకుండానే ఒక్క వైపు నుంచి రక్తమో నీళ్లలాంటిదో కారి జాకెట్టుకు మరక అవుతుంటే అదీ అంతే. చంకలో బిళ్ల కట్టి తగ్గకపోయినా చూపించుకోవాలి.

రెండు సంగతులు డాక్టర్లనే తప్పుదోవ పట్టిస్తాయి. చనుమొన మీద దురద, పొక్కు, రసి కారడం... తామర అనుకుని మెడికల్ షాపు ఆయింట్‌మెంట్ నెలల తరబడి రాస్తారు, అది పేజెట్ వ్యాధి అనే రకం క్యాన్సర్ కావచ్చు. ఇంకొకటి, రొమ్ము ఎర్రబడి వేడిగా వాయడం. పాలిచ్చే తల్లికైతే చాలాసార్లు పాలు గడ్డకట్టి వచ్చిన ఇన్‌ఫెక్షనే, కానీ యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా తగ్గకపోతే రెండో కోర్సుకు ముందు స్కాన్ చేయించండి. బిడ్డకు పాలిస్తూ కూడా అల్ట్రాసౌండ్ నిక్షేపంగా చేయించుకోవచ్చు.

అపోహ: సూది గుచ్చితే, కెలికితే ఒళ్లంతా పాకుతుంది.

ఇది వినీ వినీ విసుగొచ్చింది, కానీ ఎలా పుట్టిందో అర్థమవుతుంది. పసుపు పట్టు వేసి, ఆకు పసరు కట్టి, ఏడాది తర్వాత గడ్డ పుండయ్యాక వస్తారు, అప్పుడు ముక్క పరీక్ష చేస్తాం, అప్పటికే పాకిపోయిన రోగం ఆర్నెల్లలో ముదురుతుంది, నింద సూది మీద పడుతుంది. నిజానికి మేం చేసేది చిన్న పని. తోలుకు మత్తిచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నని సేమ్యా ముక్కల్లాంటివి నాలుగైదు తీస్తాం, అంతే, కాసేపయ్యాక ఇంటికి వెళ్లిపోవచ్చు. క్యాన్సరా కాదా అన్నదే కాదు, అది ఏ రకమో, హార్మోన్ మాత్రలు పనిచేస్తాయో లేదో కూడా ఆ ముక్కే చెబుతుంది. నష్టం చేసేది ఇంకొకటి ఉంది: పరీక్షే లేకుండా గడ్డ కోసి పారేయడం. తీసిన గడ్డ ల్యాబ్‌కు వెళ్లిందా, రిపోర్టు ఏది అని ఎక్కడైనా సరే గట్టిగా అడగండి.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదు.

రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. మిగతావాళ్లలో చాలామంది ఇళ్లలోనూ ఎవరికీ లేదు మరి. చరిత్ర అడిగితే అందరూ అమ్మ వైపే చెబుతారు, మేనత్తలను మర్చిపోతారు. వంశపారంపర్యంగా ఈ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం నాన్న వైపు నుంచి కూడా వస్తుంది, కాబట్టి ఆ వైపు ఎవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిందేమో కనుక్కోండి. పాలిచ్చినవాళ్లకు ముప్పు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. మగవాళ్లకూ వస్తుంది, రొమ్ము క్యాన్సర్ కేసులు వంద ఉంటే వాటిలో దాదాపు ఒకటి మగవాళ్లది.

అపోహ: నెలనెలా ఇంట్లో తడిమి చూసుకుంటే చాలు.

షాంఘైలో రెండున్నర లక్షలకు పైగా మహిళా కార్మికులతో పెద్ద అధ్యయనం జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి. సొంతంగా పరీక్షించుకోవడం నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిసి ఉండటం మంచిదే, మార్పు కనిపిస్తే త్వరగా కదులుతారు, కానీ అదొక్కటే సరిపోదు. ముంబై మురికివాడల్లో లక్షన్నర మంది మహిళల మీద జరిగిన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. కాబట్టి 30 దాటాక ఎన్‌సీడీ (బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బుల) సర్వేకు ఏఎన్ఎం వచ్చి అడిగితే సిగ్గుపడి "ఏం లేదమ్మా" అని పంపేయకండి. 40 దాటాక మామోగ్రామ్ ఎప్పటి నుంచి, ఎన్నేళ్లకోసారి అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి.

బ్రా వల్ల, డియోడరెంట్ వల్ల వస్తుందా అంటే, వస్తుందనడానికి రుజువేమీ లేదు. అయినా మామోగ్రామ్‌కు వచ్చే రోజు మాత్రం చంకల్లో డియోడరెంట్, పౌడర్ రాసుకోకండి, అవి ఫిల్ములో తెల్లటి చుక్కల్లా పడి కొన్ని క్యాన్సర్లలో కనిపించే కాల్షియం చుక్కలేమోనని మమ్మల్ని కంగారు పెడతాయి. నెలసరి అయిన వారంలో వస్తే మెషీన్‌లో రొమ్మును నొక్కినప్పుడు నొప్పి తక్కువ. పాత ఫిల్ములుంటే, బీరువాలో చీరల అడుగున ఉన్నా సరే, వెతికి తెచ్చుకోండి.