వేదాల్లో తంతి, యోగికి ఇసిజి

ఫలానా ఆవిష్కరణ మన ఋషులకు ముందే తెలుసు అన్న మాట వింటే కొందరికి ఒళ్లు పులకరిస్తుంది, కొందరికి ఒళ్లు మండుతుంది. ఎప్పటినుంచో ఉన్న తగువులా కనిపిస్తుంది గానీ, ఇప్పుడున్న రూపంలో దీని వయసు ఇంచుమించు నూటయాభై ఏళ్లు.

1870లలో రైలూ తంతీ (టెలిగ్రాఫ్) దేశమంతా పరుచుకుంటున్నాయి. మీవన్నీ మూఢనమ్మకాలనే మిషనరీల ఎద్దేవా కూడా అప్పుడే జోరుగా ఉంది. ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి తన వేదభాష్యానికి రాసిన పీఠికలో తంతివిద్యకూ, ఓడలకూ విమానాలకూ చోటిచ్చారు. అవమానానికి జవాబుగా పుట్టిన వాదన అది. ఈనాటికీ దాన్ని కాదంటే అంత కోపం ఎందుకొస్తుందో అక్కడే తెలుస్తుందని నాకనిపిస్తుంది.

వివేకానందుడు గ్రంథాల్లో యంత్రాలు వెతకలేదు. 1896లో న్యూయార్క్‌లో విద్యుత్ ఆవిష్కర్త నికోలా టెస్లాకు ఆకాశం (మూలపదార్థం), ప్రాణం (మూలశక్తి) అనే వేదాంత భావనల గురించి చెప్పారు. పదార్థాన్నీ బలాన్నీ చివరికి శక్తిగానే చూపవచ్చని గణితంతో నిరూపించగలనని టెస్లా అనుకుంటున్నారనీ, అదే జరిగితే వేదాంతానికి గట్టి పునాది పడుతుందనీ ఒక ఉత్తరంలో సంబరంగా రాశారు. టెస్లా నుంచి ఆ రుజువు రానేలేదు. 1905లో పదార్థానికీ శక్తికీ లంకె చూపిన ఐన్‌స్టీన్ సమీకరణం వచ్చేనాటికి స్వామి పోయి మూడేళ్లు.

అసలు రసవత్తరమైన కథ ప్రయోగశాలల్లో నడిచింది. దాని గురించి ఎందుకో ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్వామి కువలయానంద 1924లో లోనావాలాలో కైవల్యధామం పెట్టి, ఎక్స్‌రేలతో, పీడనం కొలిచే పరికరాలతో యోగక్రియలను పరీక్షించారు. హఠయోగి నీళ్లలో కూర్చుని పేగులోకి నీళ్లు ఎలా పీల్చుకుంటాడు? నౌళి, అంటే పొట్ట కండరాలను విడిగా బిగించి తిప్పే క్రియ, చేసేటప్పుడు పెద్దపేగులో పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గిపోతోందని ఆయన కొలతల్లో తేలింది. ఇక నీళ్లు పైకి రాక ఏం చేస్తాయి!

తర్వాత గుండె వంతు వచ్చింది. 1935లో ఫ్రెంచి వైద్యురాలు తెరేజ్ బ్రాస్ గుండె విద్యుత్ స్పందనలను గీసే ఇసిజి యంత్రం మోసుకొచ్చి, యోగి గుండెను దాదాపు ఆపగలడన్నట్టు రాశారు. 1957లో అమెరికా నుంచి వచ్చిన పరిశోధకులు వెంగర్, బాగ్చీ ఆ సంగతి మళ్లీ చూశారు. ఊపిరి బిగబట్టి ఛాతీని, పొట్టను గట్టిగా బిగిస్తే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. నాడి చేతికి అందదు, గుండె చప్పుడు వినపడదు. ఇసిజిలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. అలాగని వాళ్లు వట్టి చేతులతో పోలేదు. చలి గుహల్లో ఉండి వచ్చిన ఒక యోగి, అడిగితే కొద్ది నిమిషాల్లో నుదుట చెమట పట్టించి చూపించాడు.

1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్ బృందం యోగుల తలకు మెదడు తరంగాలను గీసే ఇఇజి తగిలించింది. ఇద్దరు 4 డిగ్రీల చల్లటి నీళ్లలో ముప్పావు గంటకు పైగా చెయ్యి ముంచి ఉంచినా వాళ్ల మెదడులో ప్రశాంత స్థితిలో కనిపించే ఆల్ఫా తరంగాలు చెదరలేదు. ఈ ఫలితాన్ని ఏ శ్లోకంలోనూ వెతుక్కోనక్కర్లేదు, కాగితం మీద గీతలుగా ఉంది.

భౌతిక శాస్త్రవేత్తల్లో ఉపనిషత్తులు ఇష్టపడిన ష్రోడింగర్, గీత కోసం సంస్కృతం నేర్చిన ఓపెన్‌హైమర్ అందరికీ తెలిసినవాళ్లే. వాళ్లకు అక్కడ దొరికింది తాత్త్విక దృష్టి. సమీకరణాలు మాత్రం వేరేచోట పుట్టాయి.

విమానాల మాటకు వస్తే, ప్రాచీనమైనదని చెప్పుకునే వైమానిక శాస్త్రమనే గ్రంథాన్ని 1974లో బెంగళూరులోని ఐఐఎస్‌సి (భారతీయ విజ్ఞాన సంస్థ) పరిశోధకులు ఐదుగురు పరిశీలించారు. అది 1904 కన్నా ముందుది కాదనీ, అందులో వర్ణించిన విమానాలు ఎగరలేవనీ తేల్చారు. అయినా 2015 సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద ప్రసంగం నడిచింది.

జ్యోతిషాన్ని ఆధ్యాత్మికతలో కలపాలా అన్నది వేరే వాదన. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయంపై హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ కోర్సుల వైపే నిలిచింది. తర్వాత ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ మరో దారి పట్టారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జ్యోతిషులు తలా 40 జాతకాలు చూసి జవాబులు పంపారు. సరైనవి సగటున 46 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా ఇంచుమించు అంతే వస్తాయి.