గ్రీన్ ఆడిట్ వెనుక కథ: యూనివర్సిటీలు కార్బన్ లెక్క ఎలా నేర్చుకున్నాయి

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తేల్చే జాతీయ సంస్థ న్యాక్. దాని గుర్తింపు కోసం సిద్ధమయ్యే కాలేజీల వెబ్‌సైట్లలో ‘గ్రీన్ ఆడిట్ రిపోర్ట్’ పేరుతో ఒక పీడీఎఫ్ కనిపిస్తుంది. క్యాంపస్‌లో ఉన్న చెట్ల పేర్లు, మొక్కలు నాటిన రోజు ఫొటోలు, ఎల్ఈడీ బల్బుల వివరాలు అందులో ఉంటాయి. ఈ క్యాంపస్ వల్ల ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్తోందన్న ముక్క మాత్రం చాలాసార్లు దొరకదు. ఆ లెక్క కట్టే పద్ధతి వచ్చి పాతికేళ్లు కావస్తోంది.

మొదట్లో యూనివర్సిటీలు కూడా మాటలతోనే సరిపెట్టాయి. 1990 అక్టోబరులో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ చొరవతో 22 యూనివర్సిటీల అధిపతులు ఫ్రాన్స్‌లోని తల్వార్ అనే ఊళ్లో సమావేశమై, పర్యావరణం కోసం పది అంశాల ప్రకటన చేశారు. తర్వాత వందలాది విద్యాసంస్థలు దానిపై సంతకాలు పెట్టాయి. అందులో టన్నుల ప్రస్తావన లేదు, గడువూ లేదు.

లెక్క 2001లో వచ్చింది. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వ్యాపార సంస్థల మండలి ఒకటి కలిసి ‘గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రొటోకాల్’ ప్రకటించాయి. కంపెనీల కోసం రాసిన ఆ పద్ధతినే యూనివర్సిటీలూ అందుకున్నాయి. అది ఉద్గారాలను మూడు స్కోపులుగా విడదీస్తుంది. క్యాంపస్‌లో మనమే మండించేది స్కోప్ 1: హాస్టల్ మెస్ గ్యాస్, జనరేటర్ డీజిల్, కాలేజీ సొంత బస్సులు. కొనే కరెంటు స్కోప్ 2. మిగతాదంతా స్కోప్ 3: విద్యార్థుల రాకపోకలు, ప్రొఫెసర్ల విమాన ప్రయాణాలు, కొన్న కంప్యూటర్లు, కట్టిన భవనాల సిమెంటు, మెస్‌లో వండే బియ్యం.

చిక్కంతా ఈ మూడో భాగంతోనే. దాన్ని లెక్కించడం చాలావరకు సంస్థల ఇష్టానికే వదిలేశారు. ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీ పరిశోధకులు తమ క్యాంపస్‌కే పూర్తి లెక్క కట్టి చూస్తే, మొత్తంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు స్కోప్ 3లోనే తేలింది. అంటే మొదటి రెండు స్కోపులు మాత్రమే చూపించి ‘మేం కార్బన్ న్యూట్రల్’, అంటే వదిలినంతా సరిచేసేశాం అని చెప్పుకునే సంస్థ అసలు భారాన్ని లెక్క బయటే వదిలేస్తోందన్నమాట. క్యాంపస్‌ల కార్బన్ వివరం ఎక్కడ చదివినా నేను ముందుగా చూసేది ఏం కలిపారు, ఏం వదిలేశారు అన్నదే.

లెక్క నిజాయితీగా కడితే ఏం జరుగుతుందో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చూడవచ్చు. అక్కడ 1987 నుంచి గ్యాస్ మండించి కరెంటు, ఆవిరి తయారుచేసే ప్లాంటు ఉండేది. ఇంజనీర్లు గంట గంటకూ ఎంత వేడి, ఎంత చల్లదనం వాడుతున్నారో లెక్కలు తీశారు. ఒకవైపు భవనాల్లోంచి, ల్యాబుల్లోంచి వేడిని లాగి కూలింగ్ టవర్ల మీదుగా గాల్లోకి వదులుతున్నారు. సరిగ్గా అదే సమయంలో ఇంకోవైపు గ్యాస్ కాల్చి వేడి పుట్టిస్తున్నారు. పారబోస్తున్న ఆ వేడినే పట్టుకుని నీళ్లు కాచే ప్లాంటును 2015లో మొదలుపెట్టారు. ఆవిరి పైపుల స్థానంలో ఇరవై మైళ్లకు పైగా వేడినీళ్ల పైపులు వేశారు. దీనికి సోలార్ కరెంటు కొనుగోలు కూడా తోడై క్యాంపస్ ఉద్గారాలు 68 శాతం తగ్గుతాయని యూనివర్సిటీ చెప్పింది. నేల తవ్వి, పాత ప్లాంటు మూసేసి సాధించిన తగ్గింపు ఇది.

అదే రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మరో దారి పట్టింది. 2025 కల్లా తన పది క్యాంపస్‌లనూ కార్బన్ న్యూట్రల్ చేస్తానని 2013లో ప్రకటించింది. గ్యాస్ ప్లాంట్లు మార్చాలంటే బోలెడు డబ్బు కావాలి. కాబట్టి తగ్గించలేని భాగానికి ఎక్కడో అడవులు కాపాడే ప్రాజెక్టుల లాంటివాటి నుంచి కార్బన్ క్రెడిట్లు, అంటే వాళ్లు తగ్గించిన టన్నులను తమ ఖాతాలో రాసుకునే హక్కు, కొనాలన్నది ప్లాన్. మంచి క్రెడిట్లు వెతికే పనిలో ఆ యూనివర్సిటీ బర్క్లీ క్యాంపస్ పరిశోధకురాలు బార్బరా హయా పాలుపంచుకున్నారు. మార్కెట్లో ఉన్నవాటిలో చాలావరకు చెప్పినంత తగ్గింపు ఇవ్వడం లేదని ఆమె పరిశోధనల్లో తేలింది. అధ్యాపకులూ విద్యార్థులూ గ్యాస్ ప్లాంట్లనే మార్చాలని పట్టుబట్టారు. చివరకు 2023లో విధానం మారింది: క్రెడిట్లను పక్కకు నెట్టి, 2045 కల్లా సొంత ఉద్గారాలనే 90 శాతం తగ్గించాలని నిర్ణయించారు. సొంత పరిశోధకుల మాట విని అంత పెద్ద సంస్థ దారి మార్చుకోవడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చిన విషయం.

మన దగ్గర పరిస్థితి వేరు. చలికాలం ఆవిరి పైపుల గొడవ మనకు లేదు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నెలకు లక్ష యూనిట్లు కాల్చే క్యాంపస్ పద్దులో కరెంటు ఒక్కటే 70 టన్నులు. ఒక చెట్టు ఏడాదికి 20 కిలోలు పీలుస్తుందని సాధారణంగా వేసుకునే అంచనాతో చూస్తే, ఆ ఒక్క నెలకే 3,500 చెట్లు ఏడాదంతా పనిచేయాలి. చెట్లు అక్కర్లేదని కాదు. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు, సుప్రీంకోర్టు నరికివేత ఆపించింది. జింకలకూ చెరువులకూ ఆ నేల ప్రాణం. కానీ చెట్ల లిస్టు చూపించి కరెంటు బిల్లు దాచేస్తే అది ఆడిట్ కాదు.

ఎవరూ పట్టించుకోని పద్దు ఇంకొకటుంది: ఏసీ గ్యాస్. మెకానిక్ వచ్చి గ్యాస్ నింపాడంటే పాతది ఎక్కడో లీకైపోయిందనే అర్థం. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఒక్క కిలో గాల్లో కలిస్తే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మెస్‌లో 19 కిలోల సిలిండర్ ముప్పై దాకా కాలిస్తే అంత అవుతుంది.

దేశంలోని వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి పర్యావరణ వివరాలతో రిపోర్టు ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. యూనివర్సిటీలు దాని పరిధిలో లేవు. న్యాక్ అడిగే ఆడిట్‌లోనైనా ఏటా టన్నుల్లో ఒక అంకె, దాని పక్కనే కలపకుండా వదిలేసిన పద్దుల జాబితా తప్పనిసరి చేయాలి. కావాల్సిన కాగితాలన్నీ క్యాంపస్‌లోనే ఉన్నాయి: ఎలక్ట్రికల్ సెక్షన్‌లో కరెంటు బిల్లులు, మెస్‌లో సిలిండర్ల రిజిస్టరు, జనరేటర్ ఆపరేటర్ దగ్గర డీజిల్ లాగ్‌బుక్, మెయింటెనెన్స్ ఫైల్లో ఏసీ గ్యాస్ బిల్లులు.