నలభై ఒక్క షాట్లు ఎవరు వేయాలి?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, 2001 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఫిలడెల్ఫియా స్టార్ అలెన్ ఐవర్సన్ 48 పాయింట్లు కొట్టాడు. అందుకు 41 షాట్లు వేశాడు. 18 పడ్డాయి, 23 పోయాయి. ఆ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మొత్తంలో ప్రత్యర్థి లేకర్స్ ఓడింది ఆ ఒక్క మ్యాచే. ఆ 23 మిస్సులు తెగువా, స్వార్థమా? ఇరవై ఏళ్లు దాటినా తగువు తెగలేదు.

దీని మూలం గడియారంలో ఉంది. 1950లో ఫోర్ట్ వేన్ జట్టు బంతిని చేతుల్లోనే అట్టిపెట్టుకుని లేకర్స్‌ను 19-18తో ఓడించింది. అలాంటి ఆటకు టికెట్ కొనేదెవరు? 1954లో 24 సెకన్ల షాట్ క్లాక్ పెట్టారు: బంతి చేతికొచ్చిన జట్టు ఆలోపు షాట్ వేయాలి. ఇక ఎవరో ఒకరు వేసి తీరాలి. దారులన్నీ మూసుకుపోయి మూడు, రెండు అని అంకెలు పడిపోతుంటే, బంతి చేరేది స్టార్ దగ్గరికే. పోతే అతని ఖాతాలోనే.

1961-62లో విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు సాధించాడు. వంద కొట్టిన రాత్రి 63 షాట్లు వేశాడు. కప్పు మాత్రం రాలేదు. 1966-67లో సగటు 24.1కి దిగింది, వేసినవాటిలో 68.3 శాతం పడ్డాయి, కప్పూ వచ్చింది. 'తక్కువ వేస్తేనే గెలుపు' అనేవాళ్లకు ఇదే బ్రహ్మాస్త్రం. అప్పటికి పక్కన హాల్ గ్రీర్, చెట్ వాకర్, బిల్లీ కన్నింగ్‌హామ్ లాంటి గట్టి ఆటగాళ్లు ఉన్నారన్న సంగతి వాళ్లు ఎత్తరు.

1979-80లో మూడు పాయింట్ల గీత వచ్చి, దాని అవతలి నుంచి వేసిన షాట్‌కు రెండు బదులు మూడు పాయింట్లు ఇచ్చాక, ఉత్త షాట్ల శాతం అక్కరకు రాకుండా పోయింది. తర్వాత వాడుకలోకి వచ్చిన 'ట్రూ షూటింగ్' లెక్క ఫ్రీ త్రోలనూ (ఫౌల్‌కు దక్కే, ఒక్కో పాయింటు విలువైన షాట్లు) కలుపుకుంటుంది: వాటిని 0.44తో గుణించి షాట్లకు కలిపి, రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించాలి. 2016లో కోబీ బ్రయంట్ ఆఖరి మ్యాచ్‌నే తీసుకోండి: 60 పాయింట్లు, 50 షాట్లు, 12 ఫ్రీ త్రోలు. మామూలు లెక్కలో 44 శాతం, ఇందులో 54. అదే కోబీ 2006లో 81 కొట్టిన రోజు లెక్కేస్తే దాదాపు 74! ఎక్కువ వేసినంత మాత్రాన వృథా చేసినట్టు కాదు.

2015-16లో స్టెఫెన్ కర్రీ 402 త్రీలతో సగటున 30.1 పాయింట్లు సాధించి 'ఎక్కువ వేయాలి', 'తక్కువ వేయాలి' అనే రెండు వర్గాల నోళ్లూ మూయించాడు. ఓట్లన్నీ పడి ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ మౌనం ఏడాదే. మరుసటి ఎంవీపీ రసెల్ వెస్ట్‌బ్రూక్: మ్యాచ్‌కు 24 షాట్లు, 42.5 శాతం. తోటి స్టార్ కెవిన్ డ్యూరాంట్ వెళ్లిపోయాక అతని జట్టు ఓక్లహోమాలో, గడియారం రెండు చూపిస్తుంటే, ఆ బంతి ఇంకెవరికిస్తారు?