హెచ్ఐవీ రిపోర్టులో ‘సబ్‌టైప్ సీ’: ఆ ఒక్క అక్షరం చుట్టూ అపోహలు

మందులు వాడుతున్నా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) తగ్గనివాళ్ల శాంపిళ్లు మా ల్యాబ్‌కు వస్తాయి. వాటిలోని హెచ్ఐవీ జన్యువును చదవడం నా పని. రిపోర్టులో ఓ మూల ‘సబ్‌టైప్: సీ’ అని ఉంటుంది. పేషెంట్లు మిగతాదంతా వదిలేసి దాన్ని చూసే టెన్షన్ పడతారు.

అపోహ: సీ అంటే ఏ, బీ దాటి జబ్బు ముదిరినట్టు.

“సార్, నాది సీ అంట, ఇంకెన్నాళ్లు?” అని అడిగినవాళ్లున్నారు. ఇవి స్టేజీలు కావు, వైరస్ కుటుంబాల పేర్లు. ప్రపంచమంతా పాకిన ఎం గ్రూపులో ఏ నుంచి ఎల్ వరకు అక్షరాలున్నాయి. మధ్యలో ఈ, ఐ కనిపించవు. వేరే రకాలనుకుని పేర్లు పెట్టాక, అవి మిశ్రమాలని తేలింది మరి! ఇండియాలో అత్యధికులకు ఉన్నది సీయే. దక్షిణాఫ్రికా, ఇథియోపియాల్లోనూ అంతే. ప్రపంచం మొత్తం మీద హెచ్ఐవీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందిది ఈ రకమే.

అపోహ: ఒక్కో దేశానికి ఒక్కో రకం.

వైరస్‌కు సరిహద్దులు తెలియవు, మనుషులు తిరిగే దారులే తెలుసు. మయన్మార్ పక్కనున్న మణిపూర్‌లో సూదులతో డ్రగ్స్ తీసుకునేవాళ్లలో సీతో పాటు థాయ్‌లాండ్ వైపు బీ కూడా దొరికింది. అటు చైనాలోని యునాన్‌లో ఈ రెండూ కలిశాయి. ఒకే మనిషిలో, ఒకే కణంలో రెండు రకాలు చేరితే, వైరస్ తన ప్రతిని రాసుకునేటప్పుడు కాస్త ఇందులోంచి, కాస్త అందులోంచి ఎత్తి రాస్తుంది. చైనాలో బాగా వ్యాపించిన సీఆర్‌ఎఫ్07_బీసీ అనే మిశ్రమ రకం అలా పుట్టిందే. దానిలోని సీ భాగం ఇండియా సీకి దగ్గరి చుట్టం.

అపోహ: రిపోర్టులో సీ అని వస్తే వైరస్ మొత్తం సీయే.

ఇది డాక్టర్లు కూడా నమ్మే మాట. వైరస్ జన్యువులో సుమారు 9,700 అక్షరాలుంటే (ఇవి జన్యువును రాసే అక్షరాలు, సబ్‌టైప్ పేరులోని అక్షరం వేరు), మందులకు సంబంధించిన వెయ్యి, పదిహేను వందల అక్షరాలే మేం మామూలుగా చదువుతాం. మిగతాచోట బీ ముక్క అతికి ఉన్నా మా కంట పడదు. నిజానికి మా కళ్లు వెతికేది సబ్‌టైప్‌ను కాదు, మందుకు లొంగకుండా చేసే మార్పులను.

కొత్తలో ఓ శాంపిల్ తెర మీద చూస్తున్నా. ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు శిఖరం వరుసగా వస్తోంది. ఒక్కో స్థానానికి మూడేసి అక్షరాలు. 184వ స్థానంలో మొదటి అక్షరం దగ్గర ఆకుపచ్చ, నలుపు ఒకదాని మీద ఒకటి, ఒకే ఎత్తులో. నా చేతిలో ఏదో తప్పు జరిగిందనుకుని మళ్లీ మొదటి నుంచి చేశా. మళ్లీ అదే. “తప్పు కాదు, ఆ మనిషిలో రెండూ ఉన్నాయి” అన్నారు సీనియర్ మేడమ్. లామివుడిన్ అనే మందుకు లొంగే వైరస్, లొంగని వైరస్ ఒకే చుక్క రక్తంలో. రెండూ సీ రకమే! రిపోర్టులోని ఆ ‘సీ’ని చూసి డాక్టర్‌కు ఏం తెలుస్తుంది?

అపోహ: సబ్‌టైప్ మారితే మందు మారాలి.

డోలుటెగ్రావిర్ ఉన్న మందులు బీకైనా సీకైనా పనిచేస్తాయి. చిన్న చిన్న తేడాలు లేకపోలేదు. ఎఫావిరెంజ్ అనే మందును తప్పించుకునే ఒక మార్పుకు సీలో ఒక్క అక్షరం మారితే చాలు, బీలో రెండు మారాలి.

పట్టించుకోవాల్సింది అక్షరం కాదు, అంకె: హెచ్ఐవీ-1, హెచ్ఐవీ-2. రెండోది పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువ, ఇండియాలోనూ కొద్దిమందిలో ఉంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్ అనే మందులు దాని మీద పనిచేయవు. పైగా 1 కోసం తయారైన వైరల్ లోడ్ కిట్‌కు 2 కనిపించదు. ఒకాయన ‘వైరస్ కనబడలేదు’ అన్న రిపోర్టు పట్టుకుని సంతోషంగా వచ్చారు. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) మాత్రం ప్రతిసారీ పడిపోతోంది. 1, 2లను విడిగా చూపే యాంటీబాడీ టెస్టు చేస్తే గీత 2 దగ్గర పడింది. ఆయన అప్పటిదాకా వాడుతున్నవాటిలో ఎఫావిరెంజ్ ఉంది.