ఇంట్లో సోలార్ ప్యానెల్ తయారీ: విశాఖ డాబా మీద నిలిచే మాటలు, నిలవని మాటలు

ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే పలచటి పలకలు, అంటే సోలార్ సెల్స్, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కలిపే పద్ధతి వీడియోల్లో ఉంది. అద్దం, అల్యూమినియం ఊళ్లోనే ఉన్నాయి. ఇక కంపెనీ ప్యానెల్ ఎందుకు అని అడిగేవాళ్లు విశాఖలో చాలామందే ఉన్నారు. ఐటీఐ చదివిన కుర్రాళ్లయితే దీన్నే వ్యాపారంగా పెట్టుకోవచ్చా అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మా జవాబు ముందే చెప్పేస్తాం: సెల్స్ కలపడం ఓపికున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. వాటిని ఏళ్ల తరబడి ఉప్పుగాలి, వాన సోకకుండా మూసి ఉంచడమే అసలు ప్యానెల్ తయారీ. ఆ పని ఇంటి బల్ల మీద కుదరదు.

అపోహ: సెల్స్ కొని మనమే కలుపుకుంటే ప్యానెల్ సగం ధరకే పడుతుంది.

వాస్తవం: ముందు సామాను లెక్క రాసుకోండి. 12 వోల్టుల బ్యాటరీని ఛార్జ్ చేసే ప్యానెల్‌కి 156 మిల్లీమీటర్ల పాలీ సెల్స్ 36 కావాలి. పగిలిపోయేవాటికి ఇంకో నాలుగైదు. సెల్ మీద మూడు వెండి గీతలుంటే ఒక్కో గీతకు 300 మిల్లీమీటర్ల ట్యాబింగ్ వైరు (సెల్‌ని సెల్‌కి కలిపే సన్నటి రాగి పట్టీ) పడుతుంది, అంటే మొత్తం 32 మీటర్ల పైచిలుకు. వరసల్ని కలపడానికి 5 మిల్లీమీటర్ల వెడల్పు బస్ వైరు 2 మీటర్లు. వరసకు తొమ్మిది చొప్పున నాలుగు వరసలు పేరిస్తే 1480 × 670 మిల్లీమీటర్ల అద్దం, అదీ 3.2 మిల్లీమీటర్ల టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం. అదే కొలతకు రెండు ఈవీఏ షీట్లు (వేడికి కరిగి అన్నిటినీ అతికించే ప్లాస్టిక్ పొరలు), ఒక బ్యాక్‌షీట్, అల్యూమినియం ఫ్రేమ్, రెండు బైపాస్ డయోడ్లున్న (నీడ పడిన వరసను తప్పించి కరెంటును పక్కదారిలో పంపేవి) జంక్షన్ బాక్స్, ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు, అతుకు పట్టడానికి పూసే ఫ్లక్స్ పెన్, సిలికాన్ ట్యూబులు.

ఇంతా చేస్తే వచ్చేది 150 వాట్లు. అది కూడా సెల్స్ మంచివైతేనే. చిల్లరగా అమ్మే సెల్స్‌లో ఫ్యాక్టరీలు పక్కన పెట్టిన తక్కువ గ్రేడువి చాలా ఉంటాయి. 36 సెల్స్‌ని సిరీస్‌లో కలిపాక, అన్నిటికంటే నీరసమైన సెల్ ఎంత కరెంటు ఇస్తే వరసంతా దాదాపు అంతే ఇస్తుంది. 35 సెల్స్ 8.5 ఆంపియర్లు ఇవ్వగలిగినా ఒక్కటి 6 దగ్గర ఆగిపోతే మీ చేతికొచ్చేది సుమారు 6 ఆంపియర్లే.

స్థలం సంగతీ చూడండి. 1 కిలోవాట్‌కి ఇలాంటివి ఏడు కావాలి, డాబా మీద 7 చదరపు మీటర్లు పోతుంది. 540 వాట్ల మోనో ప్యానెల్స్ రెండు కొంటే 5 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువలో సరిపోతాయి. స్టాండు ఇనుము, క్లాంపులు, బోల్టులు కూడా ఏడింటికి పెట్టాలా, రెండింటికి పెట్టాలా అన్నది ఖర్చులో గట్టిగానే కనిపిస్తుంది. ఒక్క అద్దం ముక్కను చిల్లర ధరకు కోయించి, టెంపర్ చేయించడానికి ఎంతవుతుందో గాజువాకలోనో డాబాగార్డెన్స్‌లోనో అడిగి చూడండి. టెంపర్ అయ్యాక అద్దాన్ని కోయడం కుదరదు, కొలత ముందే ఖాయం చేసుకోవాలి.

అపోహ: సోల్డరింగ్ వస్తే చాలు.

వాస్తవం: రేడియో బోర్డు మీద సోల్డరింగ్ వేరు, సెల్ మీద వేరు. సెల్ మందం 0.2 మిల్లీమీటర్ల లోపే, అప్పడం కంటే పెళుసు. 60 వాట్ల ఐరన్, చదును మొన కావాలి. మొన సన్నగా ఉంటే వేడి చాలక ఒకే చోట ఎక్కువసేపు నొక్కుతారు, అక్కడే సెల్‌కి కంటికి కనపడని పగులు వస్తుంది. వెండి గీత మీద ఫ్లక్స్ పెన్‌తో ఒక్కసారి గీసి, వైరు పరిచి, ఐరన్‌ని ఆపకుండా నాలుగైదు సెకన్లలో చివరిదాకా లాగెయ్యాలి. సెల్ కింద చల్లటి గ్రానైట్ బండ పనికిరాదు, చెక్క గానీ కొద్దిగా వెచ్చని పలక గానీ ఉండాలి. పైన నీలి వైపు నెగటివ్, వెనక పాజిటివ్. ఒక సెల్ ముందు వైపు నుంచి వచ్చిన వైరు పక్క సెల్ వెనక్కి పోవాలి. సెల్‌కీ సెల్‌కీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి, వైరు అక్కడ కొద్దిగా వంగి ఉండాలి. బిగుతుగా లాగి అతికిస్తే పగటి వేడికి సాగి, రాత్రి చల్లదనానికి కుంచించుకుని కొన్నాళ్లకు అతుకు ఊడుతుంది.

ఇత్తడి పాత్రలు, పైపులు అతికే యాసిడ్ ఫ్లక్స్ వాడకండి. మిగిలిపోయిన యాసిడ్ అద్దం కింద ఉండి వైరును తినేస్తుంది.

అపోహ: మామూలు కిటికీ అద్దం, వెనక ప్లైవుడ్, చుట్టూ సిలికాన్ పూస్తే నీళ్లు పోవు.

వాస్తవం: చేతితో చేసిన ప్యానెల్స్‌లో ఎక్కువ భాగం చచ్చిపోయేది ఇక్కడే, సముద్రం పక్కనున్న ఊళ్లో మరీ త్వరగా. ఫ్యాక్టరీలో అద్దం, ఈవీఏ, సెల్స్, మళ్లీ ఈవీఏ, బ్యాక్‌షీట్ పేర్చి, గాలి పూర్తిగా తీసేసి, 140 నుంచి 150 డిగ్రీల వేడిలో అదిమి ఒకే పలకగా చేస్తారు. లోపల గాలి ఉండదు కాబట్టి తేమకు చోటుండదు. మన పద్ధతిలో సెల్స్‌కీ అద్దానికీ మధ్య గాలి మిగులుతుంది. పగలు ఆ గాలి వేడెక్కి సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి బయటి తడిగాలిని లోపలికి లాగుతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఆ గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. తెల్లారేసరికి అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది. ట్యాబింగ్ వైరులోని రాగికి ఆకుపచ్చ చిలుము పడుతుంది, అతుకుల దగ్గర నిరోధం పెరుగుతుంది, అక్కడే వేడి పుడుతుంది. ఆ వేడి పక్కన ప్లైవుడ్ ఉంటే అది నిప్పుకి దారి. నిప్పు అంటుకోకపోయినా ఒక వానాకాలానికి ప్లైవుడ్ ఉబ్బి సెల్స్‌ని విరుస్తుంది.

కొందరు ఇస్త్రీ పెట్టెతో ఈవీఏని కరిగిస్తారు. గాలి తీయకుండా కరిగిస్తే బుడగలు మిగులుతాయి, వేడి అన్నిచోట్లా ఒకేలా తగలదు కాబట్టి సగం చోట్ల ఈవీఏ సరిగ్గా గట్టిపడదు. ఎపాక్సీ రెసిన్ పోస్తే మొదట్లో గాజులా మెరుస్తుంది, తర్వాత ఎండకు పసుపెక్కి వెలుతురును ఆపేస్తుంది. అక్రిలిక్ షీటు వంగుతుంది, గీతలు పడుతుంది. కిటికీ అద్దంలో ఇనుము పాలు ఎక్కువ, పక్క నుంచి చూస్తే ఆకుపచ్చగా కనిపించేది అదే. ఆ మేరకు సెల్‌కి చేరే వెలుతురు తగ్గుతుంది. సిలికాన్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోకండి, అది వదిలే ఆమ్లం లోహాన్ని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

గాలి బలం మాటేమిటి? భవన నిర్మాణానికి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాన్ని ఒత్తిడిలోకి మారిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే ఒక్క ప్యానెల్ మీద సుమారు 150 కిలోల తోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది, దీన్ని పుస్తకంలో అంకె అని వదిలేయడానికి లేదు. కంపెనీ ప్యానెల్స్‌ని సాధారణంగా కనీసం చదరపు మీటరుకు 2400 న్యూటన్ల ఒత్తిడికి పరీక్షిస్తారు. నాలుగు మూలలా స్క్రూలతో బిగించిన ఇంటి ఫ్రేమ్‌కి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. అది ఊడి పక్కింటి మీద పడితే బాధ్యత మీదే.

అపోహ: మల్టీమీటర్‌లో 21 వోల్టులు చూపిస్తే ప్యానెల్ బాగున్నట్టే.

వాస్తవం: లోడ్ లేనప్పుడు వోల్టేజి మబ్బులో కూడా దాదాపు పూర్తిగా చూపిస్తుంది, పగిలిన సెల్‌తో కూడా చూపిస్తుంది. చూడాల్సింది కరెంటు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఎదురుగా పెట్టి, డీసీ క్లాంప్ మీటర్‌తో షార్ట్ సర్క్యూట్ కరెంటు కొలవండి. 156 మిల్లీమీటర్ల సెల్స్‌కి 8 ఆంపియర్ల పైన రావాలి. తర్వాత బ్యాటరీకి కలిపి అరగంట నడిపి, ఒక్కో సెల్‌నీ వెనక వైపు నుంచి తాకకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. పక్కవాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అదే రోగి.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ. నాలుగు సెల్స్ తగ్గించినా విశాఖ ఎండలో నడిచిపోతుంది.

వాస్తవం: ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు. వేడి దానికి శత్రువు. మే నెలలో సెల్ ఉష్ణోగ్రత 65 డిగ్రీల దాకా పోతుంది. 25 డిగ్రీల దగ్గర 18 వోల్టులిచ్చే 36 సెల్స్ అప్పుడు 15కి దిగుతాయి. వైరులో, డయోడ్‌లో ఇంకొంత పోగా బ్యాటరీకి 14 చేరుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండడానికి 14.4 దాకా కావాలి, అంటే 36 సెల్స్‌తోనే అంచున నడుస్తోంది. 32 సెల్స్‌తో చేస్తే 13కి కాస్త పైన ఆగుతుంది కాబట్టి వైరింగులో మరికొంత పోగానే బ్యాటరీ ఎప్పటికీ సగం ఛార్జితోనే ఉండి సల్ఫేషన్ (లోపలి పలకల మీద తెల్లటి పొర) పట్టి పోతుంది. వైరు విషయంలోనూ పిసినారితనం వద్దు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి 10 మీటర్ల దూరం, 9 ఆంపియర్లు అనుకుంటే 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో సుమారు 0.9 వోల్టు పోతుంది. ఇంటి వైరింగుకి వాడే 1.5 వైరు వేస్తే 2 వోల్టుల పైనే.

అపోహ: మనం చేసిన ప్యానెల్స్‌కి కూడా సబ్సిడీ, నెట్ మీటర్ (మనం గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటును బిల్లులో తగ్గించే మీటరు) వస్తాయి.

వాస్తవం: రావు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కి 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయల కేంద్ర సాయం ఉంది. దానికి దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన, ప్రభుత్వ ఆమోద జాబితాలో ఉన్న ప్యానెల్స్ కావాలి. జాతీయ పోర్టల్‌లో నమోదైన వెండర్ బిగించాలి. మన దగ్గర కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ తనిఖీ చేసి నెట్ మీటర్ పెట్టాలి. 3 కిలోవాట్లు సొంతంగా చేసుకుంటే ఆదా కాదు, 78,000 వదులుకోవడం. డబ్బు మిగలాలంటే ఇంటి యజమానికి ఈ పథకమే దగ్గరి దారి. కిలోవాట్‌కి రోజుకు సగటున 4 యూనిట్లు లెక్కేసుకుని, నెల బిల్లులో యూనిట్లు చూసి, ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి.

ఇక వ్యాపారం. ఇంట్లో ప్యానెల్స్ చేసి అమ్ముకుందామనే ఆలోచనకు చట్టమే అడ్డం. 2017లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో ప్యానెల్స్‌కి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరైంది. ఐఎస్ 14286, ఐఎస్/ఐఈసీ 61730 పరీక్షలు ల్యాబ్‌లో నెగ్గకుండా అమ్మకూడదు. వాటిలో వేడి, తేమ కలిపి వెయ్యి గంటలు పెట్టే పరీక్ష ఉంది. లోపల గాలి మిగిలిన ఇంటి ప్యానెల్ దానికి నిలవడం కష్టం.

కానీ ప్యానెల్ చుట్టూ ఉన్న పని బోలెడు, ఆ పనికి మంచి చేతులు కావాలి. గాల్వనైజ్డ్ స్టాండ్లు, వాటికి స్టెయిన్‌లెస్ బోల్టులు, సముద్రానికి దగ్గరైతే 316 గ్రేడువి. స్టాండు ఇనుముకీ ప్యానెల్ అల్యూమినియానికీ మధ్య రబ్బరు వాషర్, లేదంటే రెండు లోహాలు కలిసిన చోట ఉప్పు తడికి అల్యూమినియం పొడైపోతుంది. డీసీ వైపుకి, ఏసీ వైపుకి, పిడుగు వాహకానికి వేర్వేరు ఎర్త్ పిట్లు. ఇవి తెలిసినవాడికి మధురవాడ నుంచి అనకాపల్లి దాకా పని ఉంటుంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మ్యాన్ చదివినవాళ్లకు సూర్యమిత్ర అనే ప్రభుత్వ సోలార్ శిక్షణ ఉంది, దాదాపు మూడు నెలలు. డీసీ క్లాంప్ మీటర్, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు), ఎంసీ4 క్రింపింగ్ టూల్ మొదటి పెట్టుబడి. క్రింపింగ్ కటింగ్ ప్లేయర్‌తో చేస్తే కనెక్టర్ కరుగుతుంది. రూఫ్‌టాప్ మంటలకు వదులు కనెక్టర్లు ఒక ముఖ్య కారణం, పైగా డీసీలో రేగిన నిప్పురవ్వ ఏసీలోలాగా తనంతట ఆరదు.

నేర్చుకోవడానికి మాత్రం ఒక ప్యానెల్ తప్పకుండా చేయండి. 5 లేదా 10 వాట్ల చిన్నది, తునక సెల్స్‌తో, ఫోను ఛార్జింగ్‌కి. ఎండలో మీ కళ్లెదుట వాడండి, రాత్రి ఇంట్లోకి తెచ్చేయండి. పెద్దవాటితో కలపకండి, డాబా మీద వదిలేయకండి.

అపోహ: వాన పడితే ప్యానెల్ దానంతట అదే కడుక్కుంటుంది.

వాస్తవం: జూన్ నుంచి అక్టోబరు దాకా కొంత నిజం. డిసెంబరు నుంచి మే దాకా దుమ్ము మీద ఉప్పు తడి పట్టి పొరలా గట్టిపడుతుంది. పోర్టు, స్టీల్ ప్లాంటు వైపు ఇళ్లకు నల్లదుమ్ము అదనం. పది, పదిహేను రోజులకోసారి తెల్లవారుజామునే, అద్దం చల్లగా ఉండగా, మెత్తటి గుడ్డతో కడగండి. మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్లు పోయకండి. బోరు నీరు ఉప్పగా ఉంటే ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. కుళాయి నీళ్లు వాడండి, లేదా బోరు నీటితో కడిగిన వెంటనే వైపర్‌తో లాగేయండి.