చేతులు మారే నీళ్లు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

తిత్లీ తుఫాను సంగతి చెబుతుంటే బుల్లెమ్మ అడిగింది కదా, "టవర్లు పోతే, పక్కపక్కనున్న ఫోన్లే కబుర్లు అందించుకోలేవా తాతా?" అని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర అది తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలిపోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఆవేళ నాకూ ఇదే అనిపించింది.

అందించుకోగలవమ్మా, ఆ ఏర్పాటంటూ వాటిలో ఉంటే. నీ కబురు నా ఫోనుకి, నా నుంచి ఎదురింటి ఫోనుకి, అలా ఊరు దాటిపోతుంది. ఈ వరసలో ఒక్కో పరికరాన్ని నోడ్ అంటారు. ఒకటే చిక్కు: పక్కవాడి కబురు మోస్తే మన బ్యాటరీ ఖర్చవుతుంది. అందుకని కొన్ని నోడ్లు తమ కబుర్లు పంపించుకుని, ఎదుటివాళ్లవి మింగేస్తాయి.

మా చిన్నప్పుడు ఊళ్లో అన్నీ తాటాకిళ్లే. ఎండాకాలంలో ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా పోయేది. చెరువు నుంచి మంటదాకా జనం వరసగా నిలబడి బిందెలు అందించుకునేవారు. ఓసారి నేనూ నిలబడ్డాను. బిందె అంచు ఒరుసుకుని వేళ్లు మండిపోతున్నాయి. ఇంకో బిందె రాగానే సగం నీళ్లు కాళ్ల దగ్గర మెల్లగా ఒంపేసి ముందుకిచ్చాను. నాకు అందించిన ముసలమ్మ చూసింది. ఏమీ అనలేదు. మరుసటి బిందె నన్ను దాటించి అవతలి మనిషికిచ్చింది. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

నోడ్లకీ అలాంటి కాపలా ఉంది. 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారు, పేరు 'వాచ్‌డాగ్'. రేడియో మాట నలువైపులా వినిపిస్తుంది కనక, కబురిచ్చిన నోడ్ చెవి ఒగ్గి వింటుంది: పక్కది ముందుకు పంపిందా, లేదా? వినపడకపోతే ఒక తప్పు వేస్తుంది. తప్పులు హద్దు దాటితే కబుర్లు వేరే దారి పడతాయి.

అయితే నన్ను దాటించేస్తే నాకు పని తప్పినట్టే కదా! రేపు మా ఇల్లు అంటుకున్నా ఆ వరసే వచ్చి ఆర్పుతుంది. అందుకే 2002లో వచ్చిన 'కాన్ఫిడాంట్' అనే పద్ధతిలో అలాంటి నోడ్ కబుర్లను కూడా ఎవరూ మోయరు. న్యాయమే గాని, నాకు కొంచెం భయం. రెండు కబుర్లు గాలిలో ఢీకొన్నా వినేదానికి ఏమీ వినపడదు. కావాలని ఒంపిందీ, చెయ్యి జారిందీ దాని చెవికి ఒక్కటే. అన్యాయంగా వెలివేయడం, నీళ్లు ఒంపడం కన్నా పెద్ద తప్పు.

ఈ ఆదివారం బోరింగు నుంచి తులసికోటదాకా వరసగా నిలబడి చెంబులతో నీళ్లందించుకోండి. కళ్లకి గుడ్డలు కట్టుకోండి. ఒకరిని రహస్యంగా ఒంపమనండి. ఎవరు ఒంపారో, ఎవరి చెయ్యి జారిందో చప్పుడుని బట్టి కనిపెట్టగలరేమో చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య